ఎనిమిది మందిలో ఎవరు? హోమ్ రన్ డెర్బీ అంచనాపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికాలో క్రీడా ప్రసారాలకు గణాంకాలు తయారుచేసి ఇచ్చే ఒక చిన్న బృందానికి నేను సలహాదారుగా పనిచేసినప్పటి కేసు ఇది. సంస్థ పేరు, ఊరు, మనుషుల ఆనవాళ్లు వదిలేశాను. ఆటగాళ్ల పేర్లు, స్కోర్లు మాత్రం బహిరంగ రికార్డు కాబట్టి ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. సంభావ్యతలతో పనిచేసే ఎవరికైనా, వారికి బేస్‌బాల్‌తో సంబంధం లేకపోయినా, ఈ కేసులో పనికివచ్చేది ఉందని నమ్మి రాస్తున్నాను.

ఆట తెలియనివారికి కాస్త వివరం. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఏటా జులైలో, ఆల్-స్టార్ గేమ్‌కు ముందు రోజు హోమ్ రన్ డెర్బీ జరుగుతుంది. హద్దు గీతల మధ్య నుంచి బంతి గాల్లోనే కంచె దాటితే హోమ్ రన్, మన సిక్సర్ లాగా. మ్యాచ్‌లో పిచర్ బ్యాటర్‌ను ఔట్ చేయడానికి బంతి విసురుతాడు. డెర్బీలో మాత్రం బ్యాటర్ తనకు నచ్చిన మనిషిని తెచ్చుకుని, అనువైన బంతులు వేయించుకుని, వీలైనన్ని కంచె దాటిస్తాడు. ఆ విసిరే మనిషి కోచ్ కావచ్చు, సొంత తండ్రీ కావచ్చు. 2018లో బ్రైస్ హార్పర్‌కు, 2025లో కాల్ రాలీకి తండ్రులే విసిరారు, ఇద్దరూ గెలిచారు. 1985లో మొదలైన ఈ పోటీ 1988లో వాన వల్ల, 2020లో కోవిడ్ వల్ల జరగలేదు. ఇప్పుడు ఎనిమిది మంది తలపడతారు. 2019 నుంచి విజేతకు దక్కేది పది లక్షల డాలర్లు.

ఈ బృందం పని చెప్పడానికి చిన్నదే. పోటీ మొదలయ్యే ముందు తెర మీద ఎనిమిది పేర్లు, ఒక్కో పేరు పక్కన గెలిచే అవకాశం ఎంత శాతమో చూపించాలి. ఆ సీజన్‌లో జులై దాకా ఎవరెన్ని హోమ్ రన్లు కొట్టారో చూసి ఆ శాతాలు లెక్కగట్టే పద్ధతి వారికి ముందునుంచీ ఉంది.

వచ్చిన సమస్య

ఆ పద్ధతి ప్రకారం ముందున్న ఒక్క ఆటగాడికే నలభై శాతం దాకా వచ్చేది. పెద్ద అంకె కాబట్టి వ్యాఖ్యాతలకూ నచ్చేది. 2021 డెర్బీ దగ్గర చిక్కు వచ్చింది. అది జరిగిన డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ మైదానం సముద్రమట్టానికి సుమారు మైలు ఎత్తున ఉంటుంది, అక్కడి పల్చని గాలిలో బంతి దూరం పోతుంది. అప్పటికి 33 హోమ్ రన్లతో అందరికన్నా ముందున్న షోహెయ్ ఒహ్తానీ బరిలో ఉన్నాడు. గెలుపు అతడిదేనని దాదాపు అందరూ అనుకున్నారు. తొలి రౌండ్‌లోనే హువాన్ సోటో చేతిలో ఓడిపోయాడు. 22-22తో సమం, అదనపు సమయంలో 28-28తో మళ్లీ సమం, ఆపై మూడు దెబ్బల పోటీలో సోటో మూడింటికి మూడూ కంచె దాటించడంతో 31-28.

ఆ తర్వాత కూడా ఇలాంటివి జరిగాక బృందం నన్ను పిలిచింది. ప్రసార నిర్మాత నన్ను అడిగింది ఒక్క మాటే. "విజేతను సరిగ్గా చెప్పే మోడల్ కావాలి. తయారుచేయగలరా?"

వెంటనే సరేననలేదు. "సరిగ్గా" అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలని అడిగాను. తెర మీద వారు చూపిస్తున్నది పేరు కాదు, శాతం. ఒకడికి నలభై శాతం ఇచ్చి అతడు ఓడిపోతే, ఆ అంచనా తప్పయిందని ఆ ఒక్కసారితో ఎవరూ చెప్పలేరు. అలాగని ఎవరు గెలిచినా "శాతమే కదా చెప్పాం" అని తప్పించుకోవడమూ కుదరదు. కొలిచే పద్ధతి ముందు కావాలి, మోడల్ తర్వాత. ఈ వరుస నాకు చాలా ముఖ్యం. కొలబద్ద లేకుండా మోడల్ కడితే, ప్రతి ఏడాది ఫలితాన్ని బట్టి దాన్ని అటూ ఇటూ తిప్పడమే పనవుతుంది.

తొలి నిర్ణయం: ఏమీ తెలియదన్నవాడితో పోల్చడం

కొలబద్దగా లాగ్ స్కోరును ఎంచుకున్నాం. అసలు గెలిచినవాడికి మనం ఎంత సంభావ్యత ఇచ్చామో చూసి, దాని సహజ లాగరిథమ్‌ను, రుణ గుర్తు తీసేసి, జరిమానాగా లెక్కిస్తుంది ఇది. తక్కువ ఇస్తే జరిమానా ఎక్కువ. ఎనిమిది మందికీ సమానంగా 12.5 శాతం ఇచ్చేస్తే, ఎవరు గెలిచినా జరిమానా 2.08. ఆట గురించి ఏమీ తెలియని మనిషి స్కోరు అది. మనకు ఏదైనా తెలుసు అనాలంటే సగటున అంతకన్నా తక్కువ జరిమానా పడాలి.

ఇప్పుడు పాత పద్ధతిని దీనిమీద పెట్టి చూద్దాం. అందరికన్నా ముందున్నవాడికి 40 శాతం, మిగిలిన 60 శాతం ఏడుగురికి సమానం. ఆ ముందున్నవాడి అసలు అవకాశం 20 శాతమే అనుకుంటే సగటు జరిమానా 2.15 అవుతుంది. అంటే ఏమీ తెలియదన్నవాడి కన్నా అధ్వానం. అదే మనిషికి నిజాయితీగా 20 శాతం ఇచ్చి ఉంటే 2.06, అంటే స్వల్పంగా మెరుగు. నలభై శాతం అన్న మాట లాభసాటి కావాలంటే అతడి నిజమైన అవకాశం కనీసం 24.5 శాతం దాటాలి.

ఈ లెక్క చూపించినప్పుడు బృందంలోని యువ విశ్లేషకుడు, ఆయనా తెలుగువారే, వెంటనే విషయం పట్టుకున్నారు. "అయితే మన సమస్య ఎవరిని ఎంచుకున్నామని కాదండీ, ఎంత గట్టిగా చెప్పామని" అన్నారు. ఈ కేసంతా ఆ మాట చుట్టూనే నడిచింది. ఎవరికి ఎంత ఎక్కువ ఇవ్వడం న్యాయమో తేల్చాలి. అందుకు పోటీ నిర్మాణాన్నే విప్పి చూడాలి.

రెండో నిర్ణయం: గణాంకాల కన్నా ముందు నియమావళి చదవడం

పాత పద్ధతిలో అన్ని ఏళ్ల డెర్బీలనూ ఒకే పోటీగా భావించి కలిపేశారు. అవి ఒకే పోటీ కావు. 2013 దాకా ప్రతి రౌండ్‌కు పది ఔట్లు ఉండేవి. ఊపిన దెబ్బ హోమ్ రన్ కాకపోతే అదొక ఔట్, నచ్చని బంతిని వదిలేస్తే నష్టం లేదు. 2014లో ఔట్లు ఏడుకు తగ్గాయి. 2015లో గడియారం వచ్చింది. ఇద్దరిద్దరు ముఖాముఖి, నిర్ణీత నిమిషాలు, దూరంగా కొట్టినవాడికి అదనపు సమయం. 2024లో మళ్లీ మార్చారు. తొలి రౌండ్‌లో ముఖాముఖి లేదు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు లేదా 40 బంతులు, ఏది ముందయితే అది. మొదటి నలుగురు సెమీఫైనల్‌కు వెళ్తారు. అక్కడి నుంచి రెండు నిమిషాలు లేదా 27 బంతులు. ప్రతిసారీ చివర్లో బోనస్ వేళ ఉంటుంది. మూడు ఔట్లయ్యేదాకా ఆడవచ్చు, ఆ వేళలో 425 అడుగులు దాటిన హోమ్ రన్ కొడితే ఇంకో ఔట్ అదనంగా దొరుకుతుంది.

పది ఔట్ల నియమం కింద ఎందుకు అంత విపరీతమైన అంకెలు వచ్చేవో లెక్కతో తెలుస్తుంది. బ్యాటు ఊపిన ప్రతిసారీ హోమ్ రన్‌కు సగం అవకాశం ఉన్న బ్యాటర్‌కు పది ఔట్లలో సగటున 10 హోమ్ రన్లు, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ ఉండే ఊగిసలాట) 4.5. అదే బ్యాటర్‌కు 27 బంతులే ఇస్తే సగటు 13.5, విచలనం 2.6 మాత్రమే. ఔట్ల పద్ధతిలో జోరు అందుకున్నవాడు ఆగకుండా పోతాడు. 2005లో డెట్రాయిట్‌లో బాబీ అబ్రేయు తొలి రౌండ్‌లో 24, 2008లో పాత యాంకీ స్టేడియంలో జాష్ హామిల్టన్ తొలి రౌండ్‌లో 28 కొట్టింది ఆ నియమం కిందే. ఆ హామిల్టన్ ఫైనల్‌లో 3 కొట్టి, 5 కొట్టిన జస్టిన్ మోర్నో చేతిలో ఓడిపోయాడు. మొత్తం కలిపితే హామిల్టన్‌వి 35, మోర్నోవి 22. కప్పు మోర్నోది.

1985 నుంచి 2025 దాకా జరిగిన డెర్బీలు 39. గడియారం, ముఖాముఖి నియమాల కింద జరిగినవి ఎనిమిది. ప్రస్తుత నియమాల కింద జరిగినవి రెండు. విజేతల జాబితా నుంచి నేర్చుకుందామని కూర్చుంటే చేతిలో ఉండే సరుకు ఇంతే. ఎంత గొప్ప యంత్రాభ్యాస (మెషిన్ లెర్నింగ్) పద్ధతి తెచ్చినా రెండు వరుసల పట్టిక నుంచి ఏమీ పిండలేదు. అందుకే లెక్కకు ఆధారంగా పోటీని వదిలేసి ఒక్కో ఊపును తీసుకున్నాం. ఊపులు వేలల్లో ఉంటాయి.

పాత స్కోర్లలో దాగిన చిక్కు

ఇక్కడే ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన విషయం బయటపడింది.

బృందం ప్రతి ఆటగాడి పాత డెర్బీ స్కోర్లను బలానికి కొలతగా వాడేది. 2015 నుంచి 2023 వరకు ముఖాముఖి నియమం ప్రకారం, రెండో బ్యాటర్ మొదటివాడి స్కోరు దాటగానే ఆట ఆగిపోతుంది. సమయం మిగిలి ఉన్నా ఇక కొట్టనవసరం లేదు. కాబట్టి రెండోవాడు గెలిస్తే తేడా ఎప్పుడూ ఒకటే. 2015లో టాడ్ ఫ్రేజియర్ 15-14, 2017లో ఆరన్ జడ్జ్ 11-10, 2018లో హార్పర్ 19-18, 2019లోనూ 2021లోనూ పీట్ అలోన్సో 23-22, 2022లో సోటో 19-18. ఎనిమిది ఫైనళ్లలో ఆరు ఒక్క హోమ్ రన్ తేడాతో ముగిశాయి. దీన్ని చూసి "ఫైనల్ ఎప్పుడూ నువ్వా నేనా అన్నట్టే ఉంటుంది" అని బృందం ఒక కథనమే అల్లుకుంది. ఆ ఒకటి తేడా చాలావరకు నియమం పుట్టించింది. 2017లో జడ్జ్ 11 దగ్గర ఆగింది శక్తి అయిపోయి కాదు, 10 దాటితే చాలు కాబట్టి. అతడి నిజమైన సామర్థ్యం 11 అని రాసుకుంటే ఆ ఏడాది అందరికన్నా బలంగా కొట్టిన మనిషిని బలహీనుడిగా నమోదు చేసినట్టే.

2024 ఫైనల్ కూడా 14-13తోనే ముగిసింది గానీ దాని తీరు వేరు. టియోస్కార్ హెర్నాండెజ్ ముందుగా ఆడి 14 దగ్గర ముగించాడు. తర్వాత ఆడిన బాబీ విట్ జూనియర్ 13 దగ్గర ఆగిపోయాడు. ఆ ఒకటి నిజమైన ఒకటి.

వైద్య గణాంకాల్లో ఇలాంటి కొలతలు మామూలే. అధ్యయనం ముగిసేనాటికి బతికే ఉన్న రోగి ఆయుష్షు "కనీసం ఇన్నేళ్లు" అని రాస్తారు తప్ప ఇంతే అనరు. మేమూ అదే చేశాం. గెలిచి మధ్యలో ఆగిన ప్రతి స్కోరునూ "కనీసం ఇన్ని, ఎదుర్కొన్న బంతులు ఇన్ని" అని మార్చి రాశాం. దీంతో పాత విజేతల అంచనా బలం పెరిగింది, ఓడినా పూర్తి సమయం ఆడి మొత్తంలో ముందుండిన వారి మెరుపు కొంత తగ్గింది. 2019లో వ్లదిమీర్ గెరెరో జూనియర్ మొత్తం 91 కొట్టి ఓడిపోయాడు, గెలిచిన అలోన్సో మొత్తం 57. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి బలాబలాలు తేల్చడం కుదరదని, గెరెరో ఖాతాలో సమం విడగొట్టడానికి అదనంగా ఆడిన దెబ్బలు కూడా ఉన్నాయని అప్పటిదాకా ఆ బృందంలో ఎవరూ విడదీసి చూడలేదు.

ప్రయత్నించినవి, నిలవనివి

సీజన్ హోమ్ రన్లు పూర్తిగా పనికిరానివి కావు. 2017లో జడ్జ్, 2025లో రాలీ ఇద్దరూ ఆ వేళకు హోమ్ రన్లలో అందరికన్నా ముందున్నవారే, గెలిచారు కూడా. కానీ మ్యాచ్‌లో హోమ్ రన్ అంటే మోసపు బంతిని గుర్తించడం, నచ్చనిదాన్ని వదలడం, వేగాన్ని అందుకోవడం అన్నీ కలిసిన ఫలం. డెర్బీలో వీటిలో చాలావాటికి పని లేదు.

ఆ తర్వాత దెబ్బ వేగాన్ని తీసుకున్నాం. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థ మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో ప్రతి దెబ్బ వేగాన్నీ కోణాన్నీ నమోదు చేస్తోంది. ఇది సీజన్ హోమ్ రన్ల కన్నా మెరుగైన సూచన. అయినా సవరణ లేకుండా వాడకూడదు. బ్యాటు నుంచి బంతి వెళ్లే వేగంలో వచ్చే బంతి వేగానిది సుమారు ఐదో వంతు వాటా, మిగతాదంతా బ్యాటు వేగానిది. బంతి గంటకు 30 మైళ్లు నెమ్మదిగా వస్తే దెబ్బ వేగం 6 మైళ్ల దాకా పడిపోతుంది. వేగంగా వచ్చే బంతి బలాన్ని వాడుకుని కంచె దాటించే బ్యాటర్ డెర్బీలో ఆ సాయాన్ని కోల్పోతాడు. సొంత బ్యాటు వేగం ఉన్నవాడు నిలుస్తాడు. 2024లో బ్యాటు వేగం గణాంకాలు బహిరంగంగా అందుబాటులోకి వచ్చాయి. మా లెక్కలో అన్నిటికన్నా బరువైన అంశంగా దాన్నే పెట్టాం.

మైదానం గురించి చాలా చర్చ నడిచింది. ఎత్తయిన ఊరు, వేడి గాలి, దగ్గర కంచె ఇవన్నీ హోమ్ రన్ల మొత్తం సంఖ్యను పెంచుతాయి, నిజమే. కానీ మన ప్రశ్న ఎన్ని అని కాదు, ఎవరు అని. అందరినీ సమానంగా పైకి లేపే అంశం విజేత లెక్కలో కొట్టుకుపోతుంది. మిగిలేది ఎడమ, కుడి తేడా. ఒకవైపు కంచె దగ్గరగా ఉంటే ఆ వైపు లాగి కొట్టేవాడికి మేలు. ఆ ఒక్కటే ఉంచి మిగతా మైదానపు అంశాలన్నీ తీసేశాం. నిర్మాత గారికి ఇది రుచించలేదు. వాతావరణం మీద మంచి గ్రాఫిక్స్ సిద్ధం చేయించి ఉన్నారు.

సొంత మైదానం సంగతీ అలాంటిదే. 1990లో షికాగోలో రైన్ శాండ్‌బర్గ్, 2015లో సిన్సినాటీలో ఫ్రేజియర్, 2018లో వాషింగ్టన్‌లో హార్పర్ సొంత ప్రేక్షకుల ముందు గెలిచారు. అవి గుర్తుండిపోయే రాత్రులు. 2023లో సియాటిల్‌లో హూలియో రోడ్రిగెజ్ తొలి రౌండ్‌లో 41 కొట్టి రికార్డు సృష్టించి కూడా సొంత మైదానంలో గెలవలేదు. 2025లో అట్లాంటాలో మాట్ ఓల్సన్ కూడా గెలవలేదు. గెలిచినవారిని మాత్రమే గుర్తుంచుకుంటే ఏ అంశమైనా బలంగానే కనిపిస్తుంది.

అలసట అన్నిటికన్నా జటిలమైన అంశం. హామిల్టన్ 28 తర్వాత 4, ఆపై 3. రోడ్రిగెజ్ 2023లో 41 తర్వాత 20. అలసిపోయారు అనడం ఎంత సహజమో! కానీ 41 అనేది ఎవరికైనా అసాధారణమైన రాత్రి, తర్వాతి ప్రయత్నం సగటు వైపు జారడం అలసట లేకున్నా జరిగేదే. పైగా ఎదురు ఉదాహరణలు ఉన్నాయి. అదే రోడ్రిగెజ్ 2022లో 32 తర్వాత 31 కొట్టాడు. గెరెరో 2019లో 29 తర్వాత అదనపు దెబ్బలతో కలిపి 40 కొట్టాడు. అలసట లేదని నేను అనను. ఉన్న కొద్ది ఉదాహరణలతో దాన్ని సగటుకు జారడం నుంచి విడదీయలేం కాబట్టి మోడల్‌లో పెట్టలేదు. డెర్బీ ఆడినవారు సీజన్ రెండో సగంలో చతికిలపడతారన్న నమ్మకం కూడా ఈ జాతిదే. అబ్రేయు 2005లో డెర్బీకి ముందు 18, తర్వాత 6 హోమ్ రన్లు కొట్టాడని ఇప్పటికీ చెబుతారు. కానీ డెర్బీకి పిలిచేదే తొలి సగంలో బాగా ఆడినవారిని కదా.

విసిరే మనిషి విషయంలో నేను ఎక్కువ ఆలోచించాను. మంచి లయతో, ఒకే చోట బంతి వేసేవాడు దొరికితే బ్యాటర్‌కు వరమే. గడియారం మాత్రమే ఉన్న ఏళ్లలో వేగంగా విసిరేవాడు ఎక్కువ బంతులు కూడా ఇచ్చేవాడు. 2024 నుంచి బంతుల పరిమితి వచ్చాక ఆ రెండో ప్రయోజనం తగ్గింది. మొదటి ప్రయోజనాన్ని పోటీకి ముందు కొలిచే మార్గం లేదు. కొలవలేనిదాన్ని ఊహతో పెట్టడం కన్నా వదిలేసి, దానివల్ల వచ్చే అనిశ్చితిని అందరి శాతాల్లోనూ కలపడమే మేలని నిర్ణయించాం.

చివరికి పనిచేసినది

లెక్క మూడు మెట్లుగా కుదిరింది. మొదట ప్రతి బ్యాటర్‌కు ఒక్క ఊపులో హోమ్ రన్ వచ్చే అవకాశాన్ని బ్యాటు వేగం, దెబ్బ కోణం, లాగి కొట్టే అలవాటుతో అంచనా వేయడం. తర్వాత ఆ అంచనాను ఎనిమిది మంది సగటు వైపు గట్టిగా లాగడం, ఎందుకంటే డెర్బీకి వచ్చేవారంతా ఇప్పటికే ఏరిన బలవంతులు, వారి మధ్య నిజమైన తేడా చిన్నది. ఆఖరున ఆ ఏడాది నియమాలను ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్‌లో రాసి, పోటీని వేలసార్లు ఆడించడం.

నిర్మాతను ఒప్పించింది కంప్యూటర్‌లో ఆడించిన ఈ పోటీ (సిమ్యులేషన్) కాదు, దాన్ని వెనక్కి తిప్పి చదవడం. ఏడుగురు బ్యాటర్లకు ఊపుకు 50 శాతం అవకాశం అనుకుందాం, ఎనిమిదో వాడికి 53. ప్రస్తుత నియమాల కింద, బంతులన్నీ ఆడతారనుకుంటే, అతడు కప్పు గెలిచే అవకాశం సుమారు 22 శాతం. 55 అయితే సుమారు 30. నలభై దగ్గరకు రావాలంటే 57 కావాలి. అంటే తెర మీద ఒకడి పక్కన 40 శాతం అని వేస్తే, "లోకంలోని బలమైన ఏడుగురు బ్యాటర్లలో ప్రతి ఒక్కరికన్నా ఇతడు ప్రతి వంద ఊపుల్లో ఏడు ఎక్కువగా కంచె దాటిస్తాడు" అని వాదిస్తున్నట్టు. ఆ వాక్యాన్ని అలాగే చదివి వినిపించాను. నిర్మాత కాసేపు ఆలోచించి, "ఆ మాట మా వ్యాఖ్యాత ఎవరూ అనరు" అన్నారు. శాతాల పట్టికను చదును చేయడానికి ఆ రోజే అంగీకరించారు.

బోనస్ వేళ ప్రభావం మాకూ కొత్తగానే అనిపించింది. ఫైనల్‌లో 27 బంతుల తర్వాత వచ్చే మూడు ఔట్ల ఆటలో, 50 శాతం బ్యాటర్ సగటున 3 హోమ్ రన్లే కొడతాడు. చూడటానికి తోకలాంటి భాగం. కానీ ఇద్దరి మధ్య తేడాలో ఉండే మొత్తం అనిశ్చితిలో సుమారు సగం ఆ భాగం నుంచే వస్తుంది, ఎందుకంటే పాత ఔట్ల పద్ధతి అక్కడ మళ్లీ ప్రాణం పోసుకుంది. ఊపుకు 5 శాతం మెరుగైనవాడు ఒక ముఖాముఖి గెలిచే అవకాశం 65 శాతం చుట్టూనే ఉండటానికి ఇదీ కారణం.

అసలు పోటీ ఎంత సన్నని గీత మీద నడుస్తుందో 2025 చూపించింది. తొలి రౌండ్‌లో రాలీ, బ్రెంట్ రూకర్ ఇద్దరూ 17 కొట్టి నాలుగో స్థానం దగ్గర సమమయ్యారు. ఎవరి హోమ్ రన్ ఎక్కువ దూరం వెళ్లిందో చూశారు. 470.62 అడుగులు, 470.54 అడుగులు. అంగుళం లోపు తేడాతో రాలీ ముందుకు వెళ్లి, సెమీఫైనల్‌లో ఓనీల్ క్రూజ్‌ను 19-13తో, ఫైనల్‌లో జూనియర్ కామినెరోను 18-15తో ఓడించి, డెర్బీ గెలిచిన తొలి క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టే ఆటగాడు) అయ్యాడు. మా పట్టికలో రాలీ ముందు వరుసలోనే ఉన్నాడు. బృందంలో కొందరు దాన్ని విజయంగా ప్రకటిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ అంగుళం అటు పడి ఉంటే ఇదే మోడల్‌ను అందరూ తిట్టేవారు, మోడల్ మాత్రం అదే. బ్యాటు వేగంలో పైవరుసలో ఉన్న క్రూజ్, కామినెరో తొలి రౌండ్‌లో చెరి 21 కొట్టి అందరికన్నా ముందు నిలవడమే నాకు మంచి సంకేతంగా కనిపించింది. అక్కడ చూసింది ఒక్క విజేతను కాదు, ఎనిమిది మంది ఊపులను.

పీట్ అలోన్సో ఉదాహరణను కొత్తగా చేరే విశ్లేషకులందరికీ చెబుతాను. డెర్బీ కోసమే పుట్టాడనిపించే బ్యాటర్ అతడు. 2021లో తొలి రౌండ్‌లోనే 35 కొట్టాడు. 2019 నుంచి 2024 వరకు ఐదుసార్లు పాల్గొని రెండుసార్లు గెలిచాడు. 2022లో సెమీఫైనల్‌లో, 2023లో తొలి రౌండ్‌లో 41-21తో, రెండుసార్లూ రోడ్రిగెజ్ చేతిలోనే ఓడాడు. 2024లో 12 మాత్రమే కొట్టి తొలి రౌండ్‌లో ఇంటిదారి పట్టాడు. జరిగిపోయాక ఏరి చూసిన అత్యుత్తమ ఉదాహరణే ఐదింట రెండు. పోటీకి ముందే ఎవరికైనా నలభై శాతం ఇవ్వడమంటే అతడు అలోన్సో స్థాయి వాడని ముందే తేల్చేయడం.

తర్వాత వచ్చిన రెండో కోరిక

శాతాలు చదునయ్యాక తెర మీద నాటకీయత తగ్గిందని, రౌండ్ల మధ్య వాటిని మార్చి చూపిద్దామని నిర్మాత అడిగారు. మంచి ఆలోచనే. అయితే ఎంత మార్చాలి? తొలి రౌండ్‌లో ముందు నిలిచినవాడికి ఎంత పెంచాలి?

దీనికీ లెక్క ఉంది. డెర్బీ స్థాయి బ్యాటర్ల నిజమైన అవకాశాల మధ్య వ్యాప్తి 3 శాతం అనుకుంటే, 40 బంతుల్లో కనిపించిన ఫలితంలోని సహజమైన ఊగిసలాట 8 శాతం దాకా ఉంటుంది. కాబట్టి కనిపించినదానికి ఇవ్వదగిన బరువు సుమారు ఎనిమిదో వంతు. 50 శాతం అనుకున్నవాడు 60 శాతం కొట్టి అదరగొడితే మన అంచనా 51 శాతం చుట్టూ నిలవాలి, 60కి ఎగబాకకూడదు. నలుగురు ఓడి వెళ్లిపోయారు కాబట్టి మిగిలిన నలుగురి శాతాలూ ఎలాగూ రెట్టింపు దాకా పెరుగుతాయి. తెర మీద కనిపించే కదలికలో ఎక్కువ భాగం దానివల్లే, తొలి రౌండ్‌లో ఎవరు ఎంత బాగా కొట్టారన్నదాని వల్ల కాదు.

ప్రస్తుత నియమాల కింద గెలిచిన ఇద్దరూ తొలి రౌండ్‌లో నాలుగో స్థానంలో గట్టెక్కినవారే. 2024లో హెర్నాండెజ్ 19తో నాలుగోవాడు, సెమీఫైనల్ కూడా సమమై అదనపు మూడు దెబ్బలతో తేలింది. 2025లో రాలీ సంగతి పైన చెప్పాను. రెండు ఉదాహరణలతో నాలుగో స్థానం శుభప్రదమని చెప్పకూడదు. కానీ తొలి రౌండ్ వరుసను బట్టి శాతాలు విపరీతంగా మార్చి ఉంటే రెండేళ్లూ విజేతను అట్టడుగున చూపించి ఉండేవాళ్లం.

ఇంకో ఆచరణ విషయం మిగిలింది. పోటీదారుల జాబితా ఆఖరి దాకా మారుతుంది. 2025లో రొనాల్డ్ అకున్యా జూనియర్ తప్పుకుని అతడి స్థానంలో ఓల్సన్ వచ్చాడు. పాత పద్ధతిలో ఇలాంటప్పుడు ఒక్కడి శాతాన్ని తీసి కొత్తవాడికి తగిలించేవారు. ఇప్పుడు ఎనిమిది పేర్లతో మొత్తం లెక్క మళ్లీ నడుస్తుంది, నియమాలు వేరే ఫైలులో ఉంటాయి. ప్రతి ఏడాదీ లీగ్ నియమాల ప్రకటన వచ్చాక ఇద్దరు విశ్లేషకులు విడివిడిగా దాన్ని చదివి, విడివిడిగా రాసి, రెండు ఫలితాలూ సరిపోయాకే ఆటగాళ్ల గణాంకాలు తెరుస్తారు.